పాత జీలిబ్‌సి మీద కొత్త కంపైలర్: ఒక బిల్డ్ ఇమేజ్ ప్రచురణ కేస్ స్టడీ

నేను నిర్వాహకుల్లో ఒకడిగా ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నుంచి ప్రతి విడుదలలోనూ మూడు వస్తువులు బయటికి వెళ్తాయి: సీ++లో రాసిన ఒక లైబ్రరీ, దాని మీద నడిచే కమాండ్‌లైన్ ప్రోగ్రాం, పైథాన్ నుంచి పిలుచుకోవడానికి ఒక ఎక్స్‌టెన్షన్. మూడింటినీ కంపైల్ చేసిన బైనరీలుగానే అందిస్తాం. సోర్సు తెచ్చుకుని సొంతంగా బిల్డ్ చేసుకునేవారు మా వాడుకరుల్లో బహు తక్కువ. 2022 చివర్లో చేసిన ఒక విడుదల తర్వాత మర్నాటి నుంచే ఫిర్యాదులు మొదలయ్యాయి. ప్రోగ్రాం మొదలే కావడం లేదనీ, ‘జీలిబ్‌సి_2.34 వెర్షన్ దొరకలేదు’ అన్న ఒక్క వాక్యం చూపించి ఆగిపోతోందనీ డెబియన్ 11, ఉబుంటు 20.04, రెడ్‌హ్యాట్ 8 అనే లైనక్స్ పంపిణీలు వాడేవారు వరసగా రాశారు. జీలిబ్‌సి అంటే ఈ పంపిణీలలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల సీ లైబ్రరీ. ఆ విడుదలలో మేము చేసినవి చిన్నచిన్న దోషాల సవరణలే. బిల్డ్ స్క్రిప్టులో ఒక్క అక్షరం కూడా మారలేదు.

మారింది మా చేతిలో లేని చోట. మేము వాడుకునే ఉచిత బిల్డ్ సర్వీసులో యంత్రాన్ని ‘లేటెస్ట్’ అన్న పేరుతో అడిగేవాళ్లం. ఆ పేరు వెనక ఉన్న ఉబుంటు 20.04 స్థానంలోకి 22.04 వచ్చింది. మొదటి దానిలో జీలిబ్‌సి 2.31, రెండో దానిలో 2.35. కొత్త జీలిబ్‌సి మీద లింక్ చేసిన ప్రోగ్రాం పాత జీలిబ్‌సి మీద నడవకపోవచ్చని అందరికీ తెలిసినదే. అయితే కొత్త ఫంక్షన్ ఒక్కటి కూడా వాడని మా ప్రోగ్రాం ఎందుకు ఆగిపోవాలి అన్నదే ప్రశ్న. బైనరీ లోపల ఏముందో చూపించే ఆబ్జ్‌డంప్‌తో డైనమిక్ సింబళ్ల పట్టిక (బయటి లైబ్రరీల నుంచి ప్రోగ్రాం అడిగే ఫంక్షన్ల పేర్లు) తీసి చూస్తే జవాబు దొరికింది. 2.34 ముద్ర ఉన్న సింబళ్లు పట్టుమని పది కూడా లేవు. వాటిలో ఒకటి మెయిన్ ఫంక్షన్‌ను పిలిచే ‘లిబ్‌సి స్టార్ట్ మెయిన్’, ఇంకొకటి ‘పీథ్రెడ్ క్రియేట్’. జీలిబ్‌సి 2.34లో థ్రెడ్ల లైబ్రరీని, డైనమిక్ లోడింగ్ లైబ్రరీని ప్రధాన లైబ్రరీలోనే కలిపేశారు. అలా కలిసిన ఫంక్షన్లకు కొత్త వెర్షన్ ముద్ర పడింది. ‘లిబ్‌సి స్టార్ట్ మెయిన్’కు కూడా అదే విడుదలలో కొత్త ముద్ర వచ్చింది కాబట్టి, 2.34 మీద గానీ ఆ పైన గానీ మామూలుగా లింక్ చేసిన ప్రతి ప్రోగ్రామూ, లోపల ఒక్క వరుస ఉన్నా సరే, కనీసం 2.34 కావాలని అడుగుతుంది. కోడ్‌లో ఎంత జాగ్రత్త పడినా దీన్ని తప్పించుకోలేం. లింక్ చేసే చోటే మారాలి.

మా ముందు మూడు దారులు కనిపించాయి. జీలిబ్‌సికి బదులు మజిల్ (musl) అనే సీ లైబ్రరీతో, అన్నీ తనలోనే కలుపుకున్న పూర్తి స్టాటిక్ బైనరీ తయారు చేయడం కమాండ్‌లైన్ ప్రోగ్రాం వరకు చక్కగా సరిపోతుంది గానీ, పైథాన్ ఎక్స్‌టెన్షన్ వాడుకరి యంత్రంలోని పైథాన్‌లోకి లోడ్ కావాలి కనుక అక్కడ ఆ పద్ధతి పనికిరాదు. అసెంబ్లర్ ఆదేశాలతో ఒక్కొక్క సింబల్‌నూ పాత వెర్షన్‌కు కట్టేయడం రెండోది; దాన్ని ఒక రోజు ప్రయత్నించి వదిలేశాను, ఎందుకంటే అది మా కోడ్‌ను పట్టుకోగలదు గానీ మేము స్టాటిక్‌గా కలుపుకునే ఇతరుల లైబ్రరీలను పట్టుకోలేదు. మూడోది పైథాన్ ప్రపంచం ఎప్పుడో ఎంచుకున్న దారి. మెనీలైనక్స్ పేరుతో అక్కడివారు మొదట సెంట్‌ఓఎస్ అనే లైనక్స్ పంపిణీ 5వ వెర్షన్ మీద, తర్వాత సెంట్‌ఓఎస్ 6 మీద, ఆ తర్వాత సెంట్‌ఓఎస్ 7 మీద బిల్డ్ ఇమేజ్‌లను (కంపైలర్, లైబ్రరీలు అన్నీ సిద్ధంగా ఉన్న వ్యవస్థ మూటలను) ప్రచురించారు. వాటి జీలిబ్‌సి వరసగా 2.5, 2.12, 2.17. అందరికన్నా పాత లైబ్రరీ మీద, దొరికిన వాటిలో కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేయడమే అందులోని కిటుకు.

మేమూ సెంట్‌ఓఎస్ 7నే ఎంచుకున్నాం. దానితో వచ్చే కంపైలర్ జీసీసీ 4.8.5కు సీ++17 ప్రమాణం రాదు. డెవ్‌టూల్‌సెట్-10 అనే ప్యాకేజీల కట్ట వేసుకుంటే జీసీసీ 10 వస్తుంది. ఆ కంపైలర్ ఏర్పాటు తెలివైనది: పాత వ్యవస్థలోని సీ++ లైబ్రరీలో ఉన్నవాటిని అక్కడి నుంచే వాడుకుంటుంది, లేనివాటిని మాత్రమే మన బైనరీలోకి స్టాటిక్‌గా చేర్చేస్తుంది. కాకపోతే స్ట్రింగ్ వంటి రకాలకు అది పాత ఏబీఐని (కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి అతికే పద్ధతిని) తప్పనిసరి చేస్తుంది. వేరే చోట కొత్త ఏబీఐతో కంపైల్ చేసిన లైబ్రరీని తెచ్చి లింక్ చేయబోతే ‘సింబల్ నిర్వచనం లేదు’ అన్న ఎర్రర్లు పేజీలకొద్దీ వస్తాయి. అందువల్ల మాకు కావలసిన లైబ్రరీలన్నింటినీ ఇమేజ్‌లోనే సోర్సు నుంచి కంపైల్ చేయాల్సి వచ్చింది, ఇమేజ్ బరువెక్కింది. ఏడాదిన్నరలో మద్దతు ముగిసిపోయే పంపిణీ మీద కొత్త ఏర్పాటు మొదలుపెట్టడం సరైన నిర్ణయమేనా అని ఇప్పుడు అడిగితే కాదనే చెబుతాను. అప్పట్లో కంప్యూటింగ్ క్లస్టర్లలో సెంట్‌ఓఎస్ 7 వాడే పరిశోధకుల సంఖ్య మా మనసును లాగింది.

డాకర్‌ఫైల్ చాలదని తెలిసిన రోజు

మొదటి కొన్ని నెలలు మేము ఇమేజ్‌ను ప్రచురించలేదు. రిపాజిటరీలో డాకర్‌ఫైల్ (డాకర్ అనే సాధనం ఇమేజ్‌ను తయారు చేయడానికి చదివే ఆదేశాల ఫైలు) పెట్టి, ఎవరికి కావలసిన ఇమేజ్‌ను వారే బిల్డ్ చేసుకోవచ్చన్నాం. ఒక కాంట్రిబ్యూటర్ యంత్రంలో నెగ్గే టెస్టు ఇంకొకరి దగ్గర విఫలమయ్యే పాత జబ్బు దీంతో నయమవుతుందనుకున్నాం, నయం కాలేదు. డాకర్‌ఫైల్‌లో ‘ఫలానా ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయి’ అని రాస్తే, ఆ ఆదేశం నడిచిన రోజున ప్యాకేజీ సర్వర్‌లో ఏది ఉంటే అదే వస్తుంది. జనవరిలో బిల్డ్ చేసుకున్నవారి ఇమేజ్, మార్చిలో బిల్డ్ చేసుకున్నవారి ఇమేజ్ ఒకే ఫైలు నుంచి పుట్టిన రెండు వేర్వేరు వస్తువులు. పైగా డాకర్ తన క్యాష్‌లో ఉన్న పాత పొరను తిరిగి వాడుకుంటుంది కాబట్టి, ఒకే యంత్రంలో సైతం సగం పాతవి, సగం కొత్తవి కలిసే వీలుంది. అందరికీ ఒకే కంపైలర్, ఒకే లైబ్రరీలు అందాలంటే సూత్రాన్ని కాదు, తయారైన వస్తువునే పంచాలి. అలా ఇమేజ్‌ను, ఎవరైనా తెచ్చుకోగలిగేలా ఇమేజ్‌లను దాచే ఒక పబ్లిక్ రిజిస్ట్రీలో పెట్టడం మొదలైంది.

పెట్టేటప్పుడు చేసిన తప్పు, ‘లేటెస్ట్’ అన్న ఒక్క ట్యాగే ఇవ్వడం. ఏ పేరు మమ్మల్ని ముంచిందో అదే పేరును మేమూ మా వాడుకరులకు ఇచ్చామన్న సంగతి కొన్నాళ్లదాకా ఎవరికీ తట్టలేదు. ఆరు నెలల పాటు పక్కన ఉంచిన ఒక బ్రాంచిని ఒక కాంట్రిబ్యూటర్ మళ్లీ తీసినప్పుడు అది కంపైల్ కాలేదు; బ్రాంచి మారలేదు, ఇమేజ్ మారింది. ఆ తర్వాత ప్రతి ఇమేజ్‌కూ తేదీతో ట్యాగ్ ఇవ్వడం, ఒకసారి ఇచ్చిన ట్యాగును మళ్లీ కదపకపోవడం నియమంగా పెట్టుకున్నాం.

అయితే ట్యాగ్ కేవలం ఒక పేరు. రిజిస్ట్రీలో రాసే హక్కు ఉన్నవారు ఎవరైనా దాన్ని ఇంకో ఇమేజ్ మీదికి మార్చవచ్చు. డైజెస్ట్ అలాంటిది కాదు. అది మ్యానిఫెస్ట్‌లోని (ఇమేజ్‌లో ఏ పొరలున్నాయో చెప్పే జాబితాలోని) బైట్ల నుంచి లెక్కించిన ఎస్‌హెచ్‌ఏ256 విలువ, 64 హెక్సాడెసిమల్ అంకెలు. లోపల ఒక్క బైటు మారినా విలువ మారిపోతుంది. కాబట్టి రిపాజిటరీలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో ఇమేజ్ పేరు, తేదీ ట్యాగ్, డైజెస్ట్ మూడూ రాశాం. డైజెస్ట్ ఉన్నప్పుడు డాకర్ ట్యాగును పట్టించుకోదు. ట్యాగ్ చదివే మనిషి కోసమే. బిల్డ్ సర్వీసు, కాంట్రిబ్యూటర్లు వాడే స్క్రిప్టు, విడుదల స్క్రిప్టు అన్నీ ఆ ఒక్క ఫైలునే చదువుతాయి. కొత్త ఇమేజ్ వచ్చినప్పుడు ఆ ఫైలులో ఒక వరుస మారుస్తూ మామూలు పుల్ రిక్వెస్ట్ తెరుస్తాం, టెస్టులన్నీ కొత్త ఇమేజ్‌తో నడిచాకే కలుపుతాం.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది మేము ముందు ఊహించనిది. ఒకసారి ఒక గణన ఫలితంలో చివరి దశాంశ స్థానాలు మారినట్టు ఎవరో చూపించారు. ఏ కమిట్‌తో తేడా వచ్చిందో వెతికే గిట్ బైసెక్ట్ నడిపితే అది తీసుకెళ్లి నిలబెట్టింది ఏ కోడ్ మార్పు దగ్గరా కాదు, డైజెస్ట్ మారిన ఆ ఒక్క వరుస కమిట్ దగ్గర. బిల్డ్ వాతావరణం (కంపైలర్, లైబ్రరీలు) కూడా కోడ్ చరిత్రలో భాగమైనందువల్లనే అది దొరికింది. అదే డైజెస్ట్ ఫైలు లేకపోతే ఆ మార్పు తేదీల మధ్య ఎక్కడో జారిపోయేది, మేము మా కోడ్‌నే అనుమానిస్తూ కూర్చునేవాళ్లం.

ట్యాగ్ లేనివన్నీ చెత్త కావు

ఇప్పుడు చెప్పబోయే ప్రమాదానికి పూర్తి బాధ్యత నాదే. ఆర్మ్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు వాడే కాంట్రిబ్యూటర్లు పెరిగాక, ఎక్స్86-64కు ఒకటి, ఆర్మ్64కు ఒకటి ఇమేజ్‌లు ఇవ్వాల్సి వచ్చింది. మొదట ఒకే యంత్రం మీద, ఇంకో ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఎంయూతో రెండింటినీ తయారు చేయబోయాం. సోర్సు నుంచి కంపైల్ చేయాల్సిన లైబ్రరీలు అన్ని ఉన్నచోట అనుకరణ నత్తనడక నడిచింది, కాబట్టి అసలైన ఆర్మ్ యంత్రం మీదే రెండోదాన్ని బిల్డ్ చేసి, చివర్లో రెండు మ్యానిఫెస్ట్‌లనూ ఒక ఇండెక్స్ కింద చేర్చాం. వాడుకరి ఇండెక్స్‌ను అడుగుతాడు, డాకర్ అతని ప్రాసెసర్‌కు తగిన మ్యానిఫెస్ట్‌ను ఎంచుకుంటుంది. ఇక్కడ ఒక చిన్న ఉచ్చు ఉంది: ఒక కాంట్రిబ్యూటర్ తన ఆర్మ్ యంత్రంలో కనిపించిన డైజెస్ట్‌ను ఫైలులో రాశారు. అది ఇండెక్స్‌ది కాదు, ఆర్మ్ మ్యానిఫెస్ట్‌ది. బిల్డ్ సర్వీసులో మొదటి ఆదేశమే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ అని కూలిపోయింది. అది వెంటనే బయటపడింది, పోనీ అనుకున్నాం.

బయటపడనిది ఇంకొకటి. రిజిస్ట్రీలో పాత ఇమేజ్‌లు పేరుకుపోతున్నాయని, ట్యాగ్ లేని వాటిని వారానికోసారి తుడిచేసే ఒక పనిని నేను ఏర్పాటు చేశాను. ఇండెక్స్‌కు ట్యాగ్ ఉంటుంది; దాని కింద ఉన్న రెండు మ్యానిఫెస్ట్‌లకూ ట్యాగులు ఉండవు, డైజెస్ట్‌తో మాత్రమే ఇండెక్స్ వాటిని గుర్తుపెట్టుకుంటుంది. నా శుభ్రపరిచే పని వాటిని అనాథలనుకుని తీసేసింది. సోమవారం ఉదయానికి ట్యాగులన్నీ యథాతథంగా కనిపిస్తున్నాయి, ఇమేజ్‌ను తెచ్చుకోబోతే మాత్రం ‘మ్యానిఫెస్ట్ తెలియదు’ అంటోంది. కొన్ని ఇమేజ్‌లు బిల్డ్ యంత్రాల క్యాష్‌లోనూ, ఒక కాంట్రిబ్యూటర్ ల్యాప్‌టాప్‌లోనూ మిగిలి ఉండబట్టి వాటిని తిరిగి పంపించగలిగాం. బైట్లు అవే కనుక డైజెస్టులూ అవే వచ్చాయి, పాత కమిట్‌లు మళ్లీ పనిచేశాయి. దొరకనివాటి డైజెస్టులు రాసి ఉన్న కమిట్‌లు ఈనాటికీ ఆ రోజుల వాతావరణంలో బిల్డ్ కావు. ఇప్పుడు తుడిచే ముందు ప్రతి ఇండెక్స్‌నూ తెరిచి, దాని పిల్లలను జాబితాలోంచి తప్పించే స్క్రిప్టు నడుస్తుంది. ఏదైనా విడుదలకు వాడిన ఇమేజ్‌ను అసలు తుడవం. రెండో రిజిస్ట్రీలో నకలు కూడా ఉంచుతాం. డాకర్ హబ్ 2020 నవంబరు నుంచి ఖాతా లేకుండా తెచ్చుకునేవారికి ఆరు గంటలకు 100 పుల్స్ అని పరిమితి పెట్టినప్పటి నుంచి, ఒకే ఐపీ చిరునామాను పంచుకునే బిల్డ్ యంత్రాలకు రెండో చోటు ఎలాగూ అవసరమే.

వెర్షన్ నంబరు మాయమైన విడుదల

సెంట్‌ఓఎస్ 7కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. ఆ తర్వాత దాని మిర్రర్ల జాబితా ఇచ్చే చిరునామా పనిచేయడం మానేసింది, మా డాకర్‌ఫైల్ మొదటి ఇన్‌స్టాల్ ఆదేశం దగ్గరే ఆగిపోయింది. పాత ప్యాకేజీలు దాచిన వాల్ట్ సర్వర్ వైపు మళ్లిస్తే బిల్డ్ అవుతుంది గానీ, భద్రతా సవరణలు ఇక రావు. నిజానికి ఒత్తిడి అంతకు ముందే ఇంకో వైపు నుంచి మొదలైంది. బిల్డ్ సర్వీసు తన సహాయక సాధనాలను మన కంటైనర్ (ఇమేజ్ నుంచి నడిచే ప్రత్యేక పరిసరం) లోపలే నడుపుతుంది. అవి జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 20కు మారాయి, నోడ్ 20 అధికారిక బైనరీకి జీలిబ్‌సి 2.28 కావాలి. పాత జీలిబ్‌సి కోసమే ఎంచుకున్న ఇమేజ్‌లో, పాత జీలిబ్‌సి ఉన్నందువల్లనే, సోర్సును తెచ్చిపెట్టే సాధనం నడవలేదు. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కొన్నాళ్లు సోర్సును కంటైనర్ బయట తెచ్చుకుని, కంపైల్ పని మాత్రమే లోపల నడిపి నెట్టుకొచ్చాం.

చివరికి ఆల్మాలైనక్స్ 8కు మారాం. దాని జీలిబ్‌సి 2.28, మెనీలైనక్స్‌లో కూడా ఇదే ఆధారంతో ఒక ఇమేజ్ ఉంది. డెబియన్ 10లోనూ అదే 2.28 ఉంది కాబట్టి, సెంట్‌ఓఎస్ 7 వాడుకరులను మినహాయిస్తే మేము కోల్పోయినవారు తక్కువ. కొత్త జీసీసీ టూల్‌సెట్‌తో పాత ఏబీఐ బెడద కూడా వదిలింది.

మారిన తర్వాత చేసిన మొదటి ప్రయోగాత్మక విడుదలలో టెస్టులన్నీ నెగ్గాయి, బైనరీలూ నడిచాయి. ప్రోగ్రామును దాని వెర్షన్ అడిగితే మాత్రం ‘తెలియదు’ అంది. మా వెర్షన్ నంబరు కమిట్‌కు దగ్గరి ట్యాగును చెప్పే గిట్ డిస్క్రైబ్ ఆదేశం నుంచి పుడుతుంది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన గిట్ 2.35.2 నుంచి, రిపాజిటరీ ఉన్న ఫోల్డర్ వేరే యూజర్ పేరు మీద ఉంటే గిట్ అందులో పనిచేయడానికి నిరాకరిస్తుంది. అది ఒక భద్రతా లోపానికి చేసిన సవరణ. కంటైనర్ లోపల మేము రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్), బయటి నుంచి మౌంట్ చేసిన ఫోల్డర్ 1000 నంబరు యూజర్‌ది. పాత ఇమేజ్‌లోని గిట్‌కు ఆ తనిఖీ లేదు, కొత్త దానికి ఉంది. గిట్ ఎర్రర్ ఇచ్చింది, మా స్క్రిప్టు ఆ ఎర్రర్‌ను మింగేసి ‘తెలియదు’ అని రాసుకుంది. అంతర్జాలంలో ఎక్కువగా దొరికే చిట్కా, అన్ని ఫోల్డర్లనూ సురక్షితంగా భావించమని ఇమేజ్‌లోనే గిట్‌కు చెప్పేయడం. ఇతరులు కూడా వాడే ఇమేజ్‌లో అలా ఒక రక్షణను నిశ్శబ్దంగా తీసేయడం నాకు నచ్చలేదు. బదులుగా, కంటైనర్‌ను మొదలుపెట్టే స్క్రిప్టు ఫోల్డర్ యజమాని నంబరు చూసి, అదే నంబరుతో లోపల ఒక యూజర్‌ను, అతనికో హోమ్ ఫోల్డర్‌ను సృష్టించి, ఆ యూజర్‌గా బిల్డ్ నడుపుతుంది. బిల్డ్ ముగిశాక ఫలితాలు రూట్ పేరు మీద మిగిలిపోయి తుడవడానికి కూడా వీలుకాని చిరాకు దీనితోనే పోయింది. రూట్ హక్కులు లేకుండా, డాకర్ లాంటిదే అయిన పాడ్‌మ్యాన్ వాడేవారికి మాత్రం లెక్క తిరగబడుతుంది: అక్కడ లోపలి రూటే బయటి మామూలు యూజర్. అందుకని ఫోల్డర్ యజమాని లోపలి నుంచి రూట్‌గా కనిపిస్తే స్క్రిప్టు ఏమీ మార్చదు. మింగేసిన ఎర్రర్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వెర్షన్ దొరకకపోతే బిల్డ్ ఆగిపోతుంది.

నమ్మకం, లైసెన్సు

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాధనం 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడినప్పుడు అందరూ చూసింది అది ఎవరు పెట్టారని. బిల్డ్ ఇమేజ్‌లు ప్రచురించే మాలాంటివారికి మాత్రం వేరే వివరం ఎక్కువ కలవరపెట్టింది: ఆ కోడ్ తాను డెబియన్ లేదా ఆర్‌పీఎం (రెడ్‌హ్యాట్ తరహా) ప్యాకేజీ బిల్డ్‌లో ఉన్నానా అని చూసుకుని, ఉంటేనే పని మొదలుపెట్టేది. అంటే దాని లక్ష్యం బిల్డ్ వాతావరణమే. మా ఇమేజ్‌లో ఆ వెర్షన్లు లేవు, ఎందుకంటే అంత కొత్త ప్యాకేజీలు మాకు రావు. అయినా మా ఇమేజ్‌ను నమ్మి మరో రెండు మూడు ప్రాజెక్టులు తమ బైనరీలను తయారు చేసుకుంటున్నాయని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ప్రతి ఇమేజ్‌నూ కోసైన్ అనే సాధనంతో డిజిటల్ సంతకం చేస్తున్నాం, లోపలి ప్యాకేజీల పూర్తి జాబితాను పక్కనే పెడుతున్నాం. అదే ఇమేజ్‌ను ఇద్దరు నిర్వాహకులు విడివిడిగా బిల్డ్ చేసి ఆ జాబితాలను పోల్చుతారు. బైటు బైటూ ఒకేలా వచ్చే ఇమేజ్ ఇంకా మా చేతికి రాలేదు. సోర్స్ డేట్ ఎపాక్ అనే సెట్టింగుతో ఒకే తేదీ ఇచ్చి టైమ్‌స్టాంపులను కట్టడి చేయగలిగినా, ఏ రోజు ప్యాకేజీలను ఆ రోజువిగా తెచ్చుకునే వీలు డెబియన్‌కు స్నాప్‌షాట్ సర్వర్ వల్ల ఉన్నంత తేలిగ్గా మా పంపిణీలో మాకు దొరకలేదు.

లైసెన్సు గురించి మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమే ఆలస్యంగా మేలుకున్నాం. ఇమేజ్‌ను పబ్లిక్ రిజిస్ట్రీలో పెట్టడమంటే జీసీసీ, బ్యాష్ వంటి, జీపీఎల్ అనే లైసెన్సు ఉన్న ప్రోగ్రాముల బైనరీలను పంపిణీ చేయడమే. వాటి సోర్సు అందుబాటులో ఉంచే బాధ్యత కూడా వెంట వస్తుంది. జీసీసీతో కంపైల్ చేసినంత మాత్రాన మన ప్రోగ్రాముకు జీపీఎల్ అంటదు, దానికి ప్రత్యేక మినహాయింపు ఉంది. కానీ కంపైలర్‌నే పంచితే సంగతి వేరు. ప్రతి ఇమేజ్‌కూ సంబంధించిన సోర్సు ఆర్‌పీఎంలను దింపి ఒకచోట దాస్తున్నాం.

ఇప్పుడున్న స్థితి

విడుదల స్క్రిప్టు చివర్లో ఒక తనిఖీ ఉంటుంది. ప్రతి బైనరీలోని సింబళ్లనూ చదివి, 2.28 దాటిన జీలిబ్‌సి ముద్ర ఒక్కటి కనిపించినా ఆ సింబల్ పేరు చూపించి విడుదలను ఆపేస్తుంది. ఆ తర్వాత కంపైలర్ గానీ మా లైబ్రరీలు గానీ లేని ఉత్త డెబియన్ 10 కంటైనర్‌లో ప్రోగ్రామును నడిపి చూస్తాం. ఇమేజ్‌లో సరిగా నడిచిందన్నది ఇక్కడ సాక్ష్యం కాదు, ఎందుకంటే కావలసినవన్నీ అక్కడ ఉండనే ఉంటాయి. ఆల్మాలైనక్స్ 8 మద్దతు 2029 వరకు ఉంది. అంతకు ఒక ఏడాది ముందే తర్వాతి ఆధారాన్ని ఎంచుకోవాలని రాసి పెట్టుకున్నాం.

సెంట్‌ఓఎస్ 7 మీది చివరి ఇమేజ్‌కు ‘మద్దతు లేదు’ అని లేబుల్ తగిలించాం గానీ తీసివేయలేదు. ఆ మధ్య ఒక పాత విడుదల బ్రాంచికి భద్రతా సవరణ చేర్చాల్సి వచ్చింది. ఆ బ్రాంచిలోని టెక్స్ట్ ఫైలు తెరిచి చూస్తే అదే ఇమేజ్ డైజెస్ట్ ఉంది. దాని డాకర్‌ఫైల్ ఇప్పుడు మొదటి ఆదేశం కూడా దాటదు. ఇమేజ్ మాత్రం రిజిస్ట్రీ నుంచి దిగింది, నెట్‌వర్క్ తీసేసి నడిపినా కంపైల్ పూర్తయింది, తనిఖీలో 2.17 దాటిన ముద్ర ఒక్కటీ కనిపించలేదు. సవరించిన బైనరీని ఆ సాయంత్రమే విడుదల చేశాం.